బావ గోడ జరిపిన రోజు

మా బావ భయస్తుడు. ఈ మాట చాటున అనడం లేదు, ఆయన మొహం మీదే వెయ్యిసార్లు అన్నాను. "అవును, అందుకే అందరం బతికున్నాం" అంటాడు. ఇంటికి తాళం వేసి, మెట్లు దిగి, వీధి మలుపు దాకా వచ్చాక ఆగిపోతాడు. "ఒకసారి చూసొస్తా" అని వెనక్కి వెళ్తాడు. గీజరు కట్టామా, గ్యాసు కట్టామా, కిటికీ గడియ పడిందా, ఏదో ఒకటి. మేమిద్దరం పనిచేసే గొంతు ఆసుపత్రిలో ఆయనకి పెట్టిన పేరే చూసొస్తా. కొత్తగా చేరిన నర్సులు అది ఆయన ఇంటిపేరు అనుకుంటారు.

నేను ఆ ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుంటాను. రోజంతా "కూర్చోండి, పిలుస్తారు" అని చెప్పీ చెప్పీ నాకు ఓపిక అరిగిపోయింది. బావ అక్కడి కంప్యూటర్లు చూస్తాడు. మెట్ల కింద ఒకప్పుడు చీపుర్లూ ఫినాయిలు సీసాలూ పెట్టుకునే గది ఉంది, అదే ఆయన రాజ్యం. కిటికీ లేదు. గబుక్కున లేచి నిలబడితే తలకి మెట్టు తగులుతుంది. ఎంత కడిగినా ఫినాయిలు వాసన పోలేదు. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక సర్వర్, దాన్ని చల్లబరచడానికి ఎప్పుడూ గుర్రుమనే ఏసీ. ఆ సర్వర్‌లోనే మా రోగుల గొంతులన్నీ ఉంటాయి.

గొంతులంటే నిజంగా గొంతులే. జబ్బు ముదిరి స్వరపేటిక తీసేయక తప్పని వాళ్ళని, ఆపరేషన్‌కి ముందు మా డాక్టరమ్మ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. ఇచ్చిన వాక్యాలు చదివిస్తుంది, తర్వాత నోటికొచ్చింది మాట్లాడమంటుంది. అదంతా రికార్డు చేసి దాస్తారు. ఆ రికార్డింగులు పెట్టుకుని తర్వాత ఒక ఇంజనీరు వచ్చి, టైపు చేసిన మాటల్ని ఆ మనిషి సొంత గొంతుతోనే పలికే యంత్రం తయారుచేస్తాడు. గొంతులు ఆసుపత్రి గడప దాటకూడదన్నది డాక్టరమ్మ కట్టుబాటు. అందుకని ఆ ఇంజనీరే మా దగ్గరికొచ్చి, మా సర్వర్ మీదే పని చేసుకుపోతాడు.

అందులో మా అక్క గొంతు కూడా ఉంది.

మా అక్క నోరు గురించి చెప్పాలి. వంటింట్లోంచి "ఏవండీ! గీజరు కట్టేశారా?" అని కేకేస్తే కింది వాటాలో ఉన్నాయన కూడా ఉలిక్కిపడి వెళ్ళి తన గీజరు కట్టేసుకునేవాడు. బావ ఎక్కడున్నా, స్నానాల గదిలో ఉన్నా సరే, "కట్టేశానే, రెండుసార్లు చూశాను" అని బదులిచ్చేవాడు. పొద్దున్నే వాళ్ళింట్లో ఈ రెండు మాటలు పలక్కుండా రోజు మొదలయ్యేది కాదు. తర్వాత అక్కకి గొంతు బొంగురుపోయింది, మందులు వాడారు, తగ్గలేదు, పరీక్షలు చేశారు. ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది, అదే పదివేలు అనుకున్నాం.

ఇప్పుడు అక్క మెడకి ఎప్పుడూ పల్చటి స్కార్ఫు ఉంటుంది. పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. ఒక చప్పట అంటే ఇటు రమ్మని. రెండంటే మళ్ళీ చెప్పమని. మిగతాదంతా ఫోనులో టైపు చేస్తే ఫోను చదువుతుంది. ఆ ఫోను గొంతు ఉంది చూశారూ, తగలెయ్య, బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు అది. మొదటిసారి అది "టీ తాగుతారా" అన్నప్పుడు బావ కంగారుగా లేచి నిలబడి "ఆ, తాగుతానండీ" అన్నాడు. పరాయి ఆడమనిషికి చెప్పినట్టు. అక్క మొహం నేను చూశాను. ఆ పూట ఇంక ఫోను ముట్టుకోలేదు. తర్వాత కూడా బావకి ఆ "అండీ" పోలేదు. ఆ గొంతు వినపడితే చాలు, తెలియకుండానే వచ్చేస్తుందనేవాడు.

అక్క రికార్డింగు సర్వర్‌లో ఉన్నా బావ ఒక్కసారి కూడా వినలేదు. ఒకసారి అడిగాను, వినొచ్చుగా అని. "భయం" అన్నాడు. ఇంకేం అడుగుతాను?

గొంతు యంత్రానికి అక్క వంతు వచ్చింది. ఇంజనీరు సోమవారం వస్తాననీ, సర్వర్‌లో ఖాళీ ఎంత ఉందో చెప్పమనీ ఫోను చేశాడు. బావ చెప్పింది విని, "అది చాలదండీ, పని సగంలో ఆగిపోతుంది. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడు రాగలనో నాకే తెలీదు" అన్నాడు. బావ ఫోను పెట్టేసి రిసెప్షన్ దగ్గరకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గోడ జరపాలి అమ్మాయ్" అన్నాడు.

"ఏ గోడ?"

"సర్వర్‌లో రెండు డిస్కులున్నాయి. రెండింట్లో ఉన్నదీ ఒకటే. ఇందులో రాసిందల్లా అందులోనూ రాసుకుంటుంది. ఒకటి పోయినా ఇంకోటి కాపాడుతుంది. దాన్ని రెయిడ్ అంటారు."

"అది నువ్వు అన్నం తినేటప్పుడు కూడా చెప్తావు. గోడేంటి?"

"ఒక్కో డిస్కూ ఒక పెద్ద హాలనుకో. మనకి కావలసిన మేరకి గోడ కట్టుకుని ఇవతల వాడుకుంటాం. దాన్నే పార్టిషన్ అంటారు. పాత చిన్న డిస్కులు తీసి ఈ పెద్దవి పెట్టినప్పుడు, గోడ పాత చోటే కట్టాను. అవతల బోలెడు చోటు ఊరికే పడుంది."

"అప్పుడే అవతలికి జరిపి కట్టొచ్చుగా?"

"భయమేసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అప్పటికే నా రిజిస్టరు వెనక రెండు డబ్బాలు గీసి మధ్యలో గోడలు పెడుతున్నాడు.

ఎలా జరుపుతాడో చెప్పాడు. ముందు ఎడమ డిస్కుని జతలోంచి తప్పిస్తాడు. దాని గోడ అవతలికి జరిపి మళ్ళీ జతలో కలుపుతాడు. అప్పుడు కుడి డిస్కులో ఉన్నదంతా ఎడమదానిలోకి మొదటినుంచీ ఎక్కుతుంది. పూర్తిగా ఎక్కాక కుడిదాన్ని తప్పించి దాని గోడా అలాగే జరుపుతాడు. రెండూ కలిశాక అవతలి చోటంతా వాడుకోవచ్చు.

"ఎప్పుడూ ఒకటి నిండుగా ఉంటుంది" అన్నాడు.

"ఎక్కుతున్నంతసేపూ?"

"ఆ సేపు ఒక్కటే ఉంటుంది. దానికేమన్నా అయితే... అందుకే ముందు అన్నిటికీ బయటి డిస్కులోకి ఇంకో కాపీ, అదే బ్యాకప్, తీసుకుంటాం."

ఆదివారం పొద్దున ఆసుపత్రి మూసి ఉండగా వెళ్ళాం. నేనెందుకంటారా? బావ ఇలాంటి పనుల్లో ఒంటరిగా ఎంటర్ కొట్టలేడు. అది ఆయన పద్ధతి. కమాండు టైపు చేసి, చేతులు వెనక్కి తీసేసి, పైకి చదువుతాడు. నేను తెర మీద చూసి మళ్ళీ పైకి చదవాలి. చదివి "సరే" అనాలి. అప్పుడు కొడతాడు. డిస్కులకి ఆసుపత్రి ప్లాస్టరు ముక్కలు అంటించి 'ఎడమ' అని ఒకదాని మీదా 'కుడి' అని ఒకదాని మీదా రాశాడు. అది చాలక, డిస్కు మీద అచ్చేసిన నంబరు నా చేత చదివించి తెర మీది నంబరుతో కలిపి చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా మనిషి ఇంత పరీక్షగా చూడడు.

బ్యాకప్ అంతకుముందు రాత్రే అయింది. దాన్నీ చూశాడు. రోగుల పేర్లతో ఫోల్డర్లు సర్వర్‌లో ఎన్ని ఉన్నాయో, బయటి డిస్కులోనూ అన్నే ఉన్నాయి. కొన్ని తెరిచి వినిపించాడు. ఒక టీచరు, ఒక దర్జీ, కూరగాయలమ్మే ఒకావిడ. అన్నీ బాగానే పలికాయి.

"అక్కది తెరవ్వేం?" అన్నాను.

మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. "పేరు కనపడుతోందిగా. ఉంటుందిలే."

ఎందుకు తెరవడం లేదో నాకు తెలుసు. అందుకే పట్టుపట్టలేదు.

పని మొదలుపెట్టే ముందు రికార్డింగు గదికి తాళం వేసి, సర్వర్‌లో గొంతులున్న భాగాన్ని మొత్తం మూసేశాడు. పని అయ్యేదాకా ఎవ్వరూ అందులో ఏదీ రాయడానికి వీల్లేదన్నాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఒక బస్సు కండక్టరు, భార్యతో. మర్నాడు ఆయనకి ఆపరేషన్. ఇంకో నాలుగు మాటలు చెప్పుకుంటానని వచ్చాడు, మనవరాలిని పిలిచే ముద్దుపేరు చెప్పడం మర్చిపోయాడట. నేను వచ్చి బావని బతిమాలాను.

"ఒక్క పది నిమిషాలు తెరువు బావా. పుణ్యం ఉంటుంది."

"ఒక్క అక్షరం కూడా రాయకూడదు."

"రేపటినుంచి ఆయనకి నోరుండదు. నీకు మనసెలా వస్తోంది?"

"పాత చేతి రికార్డరు ఉందిగా, దాంట్లో చెప్పించు. సర్వర్ తెరవను."

నేను అరిచాను. ఇంత పిరికిమనిషిని మా అక్కకి ఎలా కట్టబెట్టారో అన్నాను. బావ సర్వర్ మాత్రం తెరవలేదు. కండక్టరుగారు చేతి రికార్డరులోనే ముద్దుపేరు చెప్పి, దండం పెట్టి వెళ్ళారు. నా కోపం మటుకు తగ్గలేదు.

ఎడమ డిస్కుని తప్పించాం. నేను చదివాను, సరే అన్నాను, కొట్టాడు. గోడ జరిపాం. చదివాను, సరే అన్నాను, కొట్టాడు. మళ్ళీ జతలో కలిపాం. తెర మీద ఒక గీత మొదలైంది, నూటికి ఎంత ఎక్కిందో పక్కన అంకె. నత్త నయం. బావ కుర్చీ అంచున కూర్చుని దాన్నే చూస్తున్నాడు. నేను ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. చల్లగా ఉంది, మధ్యమధ్య బావ ఊపిరి వదలడం వినపడుతోంది.

సగం దాటింది. ఇంక ఫరవాలేదేమో అనుకున్నాను. ఏసీ గుర్రుమనడంలోనే ఇంకేదో చప్పుడు కలిసింది. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్.

"ఏంటది?" అన్నాను.

బావ సర్వర్‌కి చెవి ఆనించాడు. టిక్. టిక్ టిక్. కుడి డిస్కు. ఆ క్షణాన నిండుగా ఉన్నది అదొక్కటే. గీత ఆగింది. కదులుతుందేమో అని ఇద్దరం చూశాం. కదల్లేదు. తెర మీద తెల్లటి వరుసలు గబగబా పరుగెత్తాయి, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బావ డిస్కుల జాబితా అడిగాడు. అందులో ఎడమ ఉంది. కుడి లేదు.

టిక్ చప్పుడు కూడా ఆగిపోయింది.

"పోయింది" అన్నాడు బావ, నెమ్మదిగా. తర్వాత తనకి తానే చెప్పుకున్నట్టు, "బ్యాకప్ ఉంది. ఏం ఫరవాలేదు. బ్యాకప్ ఉంది" అన్నాడు.

నేనే బయటి డిస్కుని నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. టీచరు ఉంది. దర్జీ ఉన్నాడు. అక్క పేరుంది. నొక్కాను. తెర ఖాళీగా ఉంది. మూసి మళ్ళీ తెరిచాను. ఖాళీ.

"బావా, ఇందులో ఏం లేదు."

"ఏంటి?"

"అక్క పేరే ఉంది. లోపల ఏం లేదు."

బావ నా చేతిలోంచి మౌసు లాక్కున్నాడు. నొక్కాడు, నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు.

"నేనే" అన్నాడు. "నేనే చేశాను."

"ఏం చేశావు?"

"ఆమధ్య రికార్డుల గదిలో గుమాస్తా పొరపాటున ఒకరి ఫోల్డరు చెరిపేశాడు గుర్తుందా? అది బ్యాకప్‌లోంచి తెచ్చాం. ఆ రోజు భయమేసి, మీ అక్క ఫోల్డరుకి తాళం వేశాను. నేను తప్ప ఇంకెవరూ తెరవలేకుండా. బ్యాకప్ తీసే ప్రోగ్రాం నా పేరుతో నడవదు. దానికి వేరే పేరుంది. పాత బ్యాకప్ తుడిచి కొత్తది ఎక్కించేటప్పుడు దానికీ ఆ తలుపు తెరుచుకోలేదు."

"తెరుచుకోలేదని అది చెప్పాలిగా?"

"చెప్పే ఉంటుంది. చిన్న చిన్న హెచ్చరికలు వస్తుంటే గుండె దడొస్తోందని వాటిని నేనే ఆపేశాను."

తిట్టబోయి, మళ్ళీ ఆ ఖాళీ ఫోల్డరు తెరిచాను. మా అక్క నన్ను చిన్నప్పుడు బడికి పంపిస్తూ వీధి చివరిదాకా వినపడేలా పిలిచిన పిలుపు, ఇంక ఈ భూమ్మీద ఎక్కడా లేదు. ఒక ఫోటోలాగా కూడా లేదు. నాకు భయమేసింది. బావ భయం చూసి నవ్వుకునే నాకు, ఆయన భయం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మెట్ల మీద చప్పట వినపడింది. ఒక్కటి.

ఆదివారం కదా, భోజనానికి మమ్మల్ని ఇంటికి లాక్కుపోదామని అక్క వచ్చింది. బావ నా చెయ్యి పట్టుకుని "చెప్పకు, చెప్పకు" అన్నాడు. నేనేం చెప్పగలను? అక్క తల వంచుకుని గదిలోకి వచ్చింది, బావ మొహం చూసింది, నా మొహం చూసింది. ఫోను తీసింది.

"ఏమైంది" అంది ఫోను.

"ఏం లేదండీ" అన్నాడు బావ.

అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కదల్లేదు. మా అక్క అలా కూర్చుందంటే నిజం బయటికి రావాల్సిందే, గొంతు ఉన్నప్పుడూ అంతే. బావ చెప్పాడు. మొదటినుంచీ చెప్పాడు, తాళం సంగతి, హెచ్చరికల సంగతి, పొద్దున తెరిచి వినకపోవడం. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. "నీ గొంతు నేనే పోగొట్టాను" అన్నాడు.

అక్క చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. స్కార్ఫు మీద అలాగే ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కిందికి రాలేదు. ఫోనులో ఏదో టైపు చేసింది, చెరిపేసింది. మళ్ళీ చేసింది, మళ్ళీ చెరిపింది. మూడోసారి నొక్కింది.

"అందులో సగం మిమ్మల్ని తిట్టిన తిట్లే. పోతే మీకే లాభం" అంది ఫోను, బస్సు వస్తోందని చెప్పినట్టు.

ఎవరం నవ్వలేదు. అక్క ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

బావ తల రెండు చేతుల్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ చేతుల్లోంచే అడిగాడు.

"ఆ కండక్టరుగారిది సర్వర్‌లో రాయలేదు కదా?"

"నువ్వు రాయనిస్తేగా?" అన్నాను. నా గొంతులో కోపం ఇంకా ఉంది.

"వేరే ఎవరూ? పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ?"

"తాళాలన్నీ నీ జేబులోనే ఉన్నాయి. ఎవరు రాస్తారు?"

బావ తలెత్తాడు. "అయితే ఎడమదాంట్లో ఉండాలి."

"దాంట్లోకి సగమేగా ఎక్కింది?"

"ఎక్కినంత మేరా కొత్తగా ఎక్కింది. ఎక్కని చోట పాతది అలాగే ఉంటుంది. నేను దాన్ని తుడవలేదు అమ్మాయ్, గోడ ఒక్కటే జరిపాను. పాతదీ కొత్తదీ ఒకటే, ఎందుకంటే మధ్యలో ఎవరూ ఏమీ రాయలేదు. రెండూ కలిపితే మొత్తం ఉన్నట్టే."

"మరి జత విరిగిపోయిందిగా? ఆ ఒక్క డిస్కూ తెరుచుకుంటుందా?"

"ఇది రెయిడ్ డిస్కు అని చెప్పే గుర్తు ఒకటుంటుంది. దాన్ని ముందు పెట్టొచ్చు, చివర పెట్టొచ్చు. ఎప్పుడన్నా ఒక్క డిస్కే మిగిలితే దాన్ని విడిగా తెరుచుకోగలగాలని, భయపడి చివర పెట్టాను. లోపల ఏదీ చోటు మారలేదు. చదవగలం. రాయకుండా, ఊరికే చదవడానికి తెరవాలి."

"ఈ మాట ఇందాక ఏడవకముందే చెప్పొచ్చుగా!"

"భయంలో తోచలేదు."

"ఉంటుందా బావా?"

"ఉండాలి."

"ఉండాలా, ఉంటుందా?"

"ఉండాలి" అన్నాడు మళ్ళీ.

సర్వర్ ఆపేసి, చచ్చిన డిస్కు తీగలు పీకాడు. పీకేముందు ప్లాస్టరు మీద రాసింది నా చేత చదివించాడు. కుడి. దాని నంబరు చదివించాడు. తీసి బల్ల మీద పెట్టాడు. సర్వర్ మళ్ళీ లేచింది. కమాండు టైపు చేశాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. చేతులు వెనక్కి తీసుకుని పైకి చదివాడు. చదవడానికి మాత్రమే తెరవమని అందులో ఉంది. నేను చూసి పైకి చదివాను. "సరే" అనాలి. పొద్దున్నుంచీ చులాగ్గా అన్న మాట. ఇప్పుడు ఈ మాట అన్నాక ఆ తెర మీద ఏమీ లేకపోతే?

బావ నా వైపు చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను, నావల్ల కాదని.

అక్క ఒక చప్పట కొట్టింది, నా బదులు సరే అన్నట్టు.

బావ ఎంటర్ కొట్టాడు.

తెర ఒక్క క్షణం ఊరుకుంది. ఆ క్షణం నాకిప్పటికీ కలలోకి వస్తుంది. తర్వాత కింది వరుసలో మెరిసే గీత వచ్చి నిలబడింది, తిట్టూ లేదు, హెచ్చరికా లేదు. బావ ఫోల్డర్లు అడిగాడు. పేర్లు వచ్చాయి. అక్క పేరు వచ్చింది. దాని లోపలికి వెళ్ళాడు. రికార్డింగుల పేర్లు జాబితాగా దిగాయి, తెర నిండిపోయింది.

"ఉన్నాయి" అన్నాడు, ఏడుపుకీ నవ్వుకీ మధ్య.

"పొద్దున కూడా పేరు చూసే ఉందనుకున్నావు" అన్నాను. "పేర్లు చూసి నమ్మేది లేదు. విను బావా."

మళ్ళీ మొహం మాడిపోయింది ఆయనకి. అక్క వైపు చూశాడు. అక్క గడ్డం పైకెత్తింది, కానివ్వమని. ఎక్కని సగంలోది పలికితే ఆ పాత సగం కూడా బాగున్నట్టే కదా అని, అన్నిటికన్నా చివరిది ఎంచుకున్నాడు. స్పీకరు పెట్టాడు. నొక్కాడు.

ముందు కుర్చీ కిర్రుమన్న చప్పుడు. డాక్టరమ్మ గొంతు దూరంనుంచి, "వాక్యాలు అయిపోయాయమ్మా. ఇంట్లో రోజూ అనే మాట ఏదన్నా చెప్పండి." ఎవరో గొంతు సవరించుకున్నారు. బొంగురుగా, కానీ మా అక్కే.

"ఏవండీ! గీజరు కట్టేశారా?"

స్పీకరు అదిరింది. గది అదిరింది.

"కట్టేశానే, రెండుసార్లు చూశాను" అన్నాడు బావ.

అక్కవైపు చూసి కాదు. తెరవైపు చూసీ కాదు. ఏటో చూస్తూ, ఇంట్లో ఏ గదిలోంచో బదులిచ్చినట్టు, ఆలోచించకుండా అనేశాడు. అన్నాక తెలిసింది ఆయనకి. స్పీకరులో అక్క పగలబడి నవ్వుతోంది, "ఇదేనండీ మా ఇంట్లో సుప్రభాతం" అంటోంది డాక్టరమ్మతో. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం.

వెనకనుంచి రెండు చప్పట్లు వినపడ్డాయి. మళ్ళీ చెప్పమని. బావ మళ్ళీ నొక్కాడు. అది మళ్ళీ అడిగింది. ఈయన మళ్ళీ బదులిచ్చాడు.

మర్నాడు కొత్త డిస్కులు వచ్చాయి, గోడ జరిగింది, ఇంజనీరు ఒక పూట విసుక్కుంటూ కాచుకుని తర్వాత తన పని తాను చేసుకున్నాడు. అదంతా ఎవరు చెప్పినా చెప్తారు. ఆ ఆదివారం మాత్రం, ముందు చేసింది అక్క ఫోల్డరుని బయటి డిస్కులోకి ఎక్కించడం, ఈసారి బావ సొంత పేరుతో. ఇంకో గీత మొదలైంది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఇంకా భయంగానే ఉంది. ఉన్న ఒక్క డిస్కూ టిక్కుమంటుందేమోనని ముగ్గురమూ చెవులు రిక్కించుకునే ఉన్నాం.

అక్క ఫోను తీసి టైపు చేసింది.

"నిజంగా కట్టేశారా" అంది ఫోను.

బావ ఫోనువైపు చూడలేదు. అక్కవైపు తిరిగాడు. "కట్టేశానే అంటుంటే! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని విసుక్కున్నాడు.

అండీ లేదు. అక్కకీ అది తెలిసింది. భుజాలు ఊగిపోయేలా నవ్వింది, చప్పుడు లేకుండా, ఒక చేత్తో స్కార్ఫు పట్టుకుని. బావ కూడా నవ్వబోయి మధ్యలో ఆగాడు. మొహంలోకి పాత కళ వచ్చేసింది. పొద్దున హడావిడిగా బయలుదేరాం కదా, గీజరు కట్టాడో లేదో.

"ఒకసారి చూసొస్తా" అని లేచాడు. తల మెట్టుకి కొట్టుకుంది.

"కాపీ అయ్యేదాకా ఆ కుర్చీలోంచి కదిలావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను బావా" అన్నాను.

కూర్చున్నాడు. అక్క ఎందుకైనా మంచిదని ఆయన చొక్కా చివర గట్టిగా పట్టుకుంది.